పోరుమామిళ్ల శాసనం, తరగతి గదిలో ఒక ప్రశ్న

గత ఆగస్టులో మూడో సంవత్సరం సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులకు వరద లెక్కలు బోధిస్తున్నాను. వంద చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఉన్న ఒక వాగు మీద వంతెన కట్టాలంటే, ఎంత వరదను దాటించేలా దాన్ని కట్టాలన్నది ఆనాటి అభ్యాసం. పాత మద్రాసు ప్రెసిడెన్సీ ప్రాంతంలో ఇలాంటి పనికి ఇంజనీర్లు మొదట తీసి చూసేది రైవ్స్ సూత్రం. పరీవాహక ప్రాంత వైశాల్యాన్ని 2/3 ఘాతానికి హెచ్చించి, వచ్చిన సంఖ్యను 'సి' అనే గుణకంతో గుణిస్తే, గరిష్ఠ వరద సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో తెలుస్తుంది. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపల సి విలువ 6.8, 80 నుంచి 160 కిలోమీటర్ల మధ్య 8.5, కొండల పక్కనున్న చిన్న ప్రాంతాలకు 10.2 అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ లెక్కన మా వాగుకు 147, 183, 220 అని మూడు జవాబులు బోర్డు మీద రాశాను. వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, ఈ 8.5ను ఎవరు కొలిచారు? మన వాగులో కొలిచారా?" అని అడిగింది.

కొలవలేదు. 1884లో రైవ్స్ దక్షిణాదిన అప్పటికి తెలిసిన వరదలను బట్టి ఆ సూత్రాన్ని కట్టాడు. అంతకు దాదాపు రెండు దశాబ్దాల ముందు, 1865లో, ఉత్తరాది నదులకు డికెన్స్ అలాంటిదే ఒకటి ఇచ్చాడు. హైదరాబాద్ సంస్థానంలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరుతో దక్కన్ పీఠభూమికి మరొకటి ఉంది. ఇవన్నీ తమ కాలానికి గొప్ప సాయం చేసిన సూత్రాలే, కాదనను. అయితే వీటిలో వాన కనిపించదు, నేల కనిపించదు, వాలు కనిపించదు. వైశాల్యం ఒక్కటే కనిపిస్తుంది, మిగిలిన ప్రకృతి అంతా ఆ సి అనే ఒక్క అక్షరంలోకి వెళ్లి దాక్కుంటుంది. ఆ అమ్మాయి అడిగింది చిన్న ప్రశ్న కాదు. జలశాస్త్రం అనే ఈ విద్య ఇన్ని వందల ఏళ్లుగా ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతోంది. గంట కొట్టేలోగా చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాయాలనిపించింది.

ఆ ప్రశ్నకు మన నేల మీదే చాలా పాత రూపం ఒకటి ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఈ చెరువును కట్టించి అనంతరాజసాగరం అని పేరు పెట్టాడు. రెండేళ్ల పాటు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయని ఆ సంస్కృత శాసనం చెబుతుంది. దానాల గురించీ వంశాల గురించీ చెప్పే శాసనాలు మనకు వేలల్లో ఉన్నాయి కానీ, చెరువు ఎలా కట్టాలో చెప్పే శాసనం చాలా అరుదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంటుంది ఇది. ధర్మాత్ముడైన రాజు మొదటి అంగం. రెండో అంగం పాథశ్శాస్త్రం తెలిసిన పండితుడు. పాథస్సు అంటే నీరు. నేను ఏ శాస్త్రాన్ని బోధిస్తూ జీతం తీసుకుంటున్నానో, ఆ శాస్త్రానికి ఆరున్నర శతాబ్దాల కిందటే మన దగ్గర పేరు ఉందని, అది తెలిసిన మనిషి లేకుండా చెరువు పని మొదలుపెట్టరాదన్న నియమం ఉందని మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. గట్టి బంకమట్టి నేల, తియ్యని నీటిని తెచ్చే ఏరు, కట్టకు రెండు పక్కలా ఆనుకునే కొండ, దగ్గరలో పొడవైన రాళ్లు దొరికే గని, పని తెలిసిన మేస్త్రీలు, ఇలా మిగిలిన అంగాలు సాగుతాయి.

నన్ను ఎక్కువగా ఆపేది అంగాల జాబితా కాదు, దాని వెంట వచ్చే ఆరు దోషాలు. కట్టలోంచి నీరు కారడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు గర్భం మధ్యలో తాబేటి వీపులా మిట్ట ఉండడం, నీరు కొంచెమై భూమి ఎక్కువ కావడం, భూమి కొంచెమై నీరు ఎక్కువ కావడం. చివరి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇవి ఒకే తక్కెడకు రెండు పళ్లేలు. పైనుంచి వచ్చే నీరు, అది నిండవలసిన గర్భం, దాని కింద తడవవలసిన ఆయకట్టు ఒకదానికొకటి తూగాలి; తూగకపోతే ఒక ఏడు పైరు ఎండుతుంది, మరో ఏడు కట్టకు గండి పడుతుంది. ఈ రెండు దోషాలనూ ముందే పసిగట్టాలంటే, కట్ట వేయకముందే ఆ ఏరు సగటున ఎంత నీరు తెస్తుందో, విరుచుకుపడినప్పుడు ఎంత తెస్తుందో ఒక అంచనా కావాలి. ఆ పాథశ్శాస్త్రవేత్త ఆ అంచనాకు ఎలా వచ్చాడో శాసనం చెప్పదు. ఊరి పెద్దల జ్ఞాపకం, ఏటి గట్ల మీద వరద వదిలిన చెత్త గీత, పాత చెరువుల అనుభవం అతనికి ఆధారాలై ఉంటాయని నేను అనుకుంటాను. అతని చెరువు నేటికీ పారుతోంది కనుక ఆ అంచనా గట్టిదే.

కొలత అనేది మనకు కొత్త అని కాదు. కోష్ఠాగారం, అంటే ధాన్యపు కొట్టు, దగ్గర ఒక అరత్ని, అంటే దాదాపు మూరెడు, మూతి ఉన్న కుండాన్ని వాన కొలవడానికి పెట్టాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం ఆదేశిస్తుంది. ఏ దేశంలో ఎన్ని ద్రోణాల (ద్రోణం ఆనాటి కొలమానం) వాన పడుతుందో కూడా అందులో ఉంది: అవంతికి 23 ద్రోణాలు, అశ్మకానికి అంతకంటే బాగా తక్కువ. ఆ అశ్మకం గోదావరి ఒడ్డు రాజ్యం, నేటి నిజామాబాద్ జిల్లా బోధన్ దాని రాజధాని అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. విత్తనం ఎప్పుడు వేయించాలో, పన్ను ఎంత వేయాలో తేల్చడానికి ఆ కొలత అవసరమైంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దకార్గళం అనే అధ్యాయమే రాసి, మనిషి ఒంట్లో సిరలున్నట్టే భూమిలోనూ పైనా కిందా నీటి సిరలున్నాయన్నాడు. చెట్లు, పుట్టలు చూసి వాటిని కనిపెట్టే పద్ధతులు చెప్పాడు. ఆకాశం నుంచి ఒకే రంగుతో, ఒకే రుచితో పడిన నీరు నేలను బట్టి రకరకాల రుచులు, రంగులు పొందుతుందని కూడా అన్నాడు. నల్లగొండ ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయిన ఎముకలను చూసినవారికి ఆ మాట ఎంత నిజమో వేరే చెప్పనక్కరలేదు. అయితే వాన లెక్కను, ఏటి లెక్కను ఒకే పుటలో ఎదురెదురుగా వేసి చూసిన దాఖలా ఆ గ్రంథాలలో నాకు కనిపించలేదు.

ఆ పని 1674లో ఫ్రాన్సులో జరిగింది. చేసినవాడు పియర్ పెరో, రెవెన్యూ వసూళ్ల ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. అతని తమ్ముళ్లలో ఒకరు పిల్లల కథలతో ప్రపంచమంతా పేరు పొందిన షార్ల్ పెరో. ఆ కాలపు పండితులలో చాలామంది, కురిసే వాన నదులను నింపడానికి చాలదనీ, సముద్రపు నీరే భూగర్భ మార్గాల గుండా కొండల్లోకి ఎక్కి, దారిలో ఉప్పు వదిలించుకుని ఊటలుగా బయటికి వస్తోందనీ నమ్మేవారు. పెరో తర్కంతో వాదించే బదులు సేన్ నది తొలి భాగాన్ని, పుట్టినచోటి నుంచి ఎనె-ల్-దూక్ అనే ఊరి వరకు, ఒక ఖాతాగా తీసుకున్నాడు. మూడేళ్ల వాన సగటు సుమారు 19 అంగుళాలు. ఆ లోతును అక్కడి పరీవాహక ప్రాంతం మీద పరిస్తే వచ్చే నీటి పరిమాణం జమ. ఏడాదిలో నదిలో పారే నీరు ఖర్చు. జమ ఖర్చుకు ఆరు రెట్లు తేలింది. అంటే నది పారడానికి వానలో ఆరో వంతు చాలు; మిగిలినది చెట్లకు, నేలకు, గాలికి పోతుంది.

అతని నది లెక్క చాలా మోటుది. వాన లెక్క కూడా ఒకే చోటిది. అయినా జలశాస్త్రం పుట్టిన క్షణం అదేనని 1974లో యునెస్కో, ప్రపంచ వాతావరణ సంస్థ కలిసి ప్యారిస్‌లో మూడు వందల ఏళ్ల పండుగ జరిపాయి. నాకు ఆ ఎంపిక సరైనదే అనిపిస్తుంది. కొలత ఎంత సూక్ష్మమన్నది తర్వాతి సంగతి. రెండు పద్దులను ఎదురెదురుగా రాసి, తేడాకు జవాబు చెప్పమని ప్రకృతిని నిలదీయడం కొత్త సంగతి. పన్నుల లెక్కలు చూసిన మనిషికే ఆ ఆలోచన రావడం కూడా సహజం. తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త మారియాట్ ప్యారిస్ దగ్గర సేన్ మీద తేలే వస్తువును వదిలి నీటి వేగం కొలిచాడు. అతని గ్రంథం అతను పోయాక, 1686లో వెలువడింది. ఎడ్మండ్ హేలీ ఒక పళ్లెంలో నీటిని వేడిచేసి తూచి, మధ్యధరా సముద్రం నుంచి రోజుకు ఎంత నీరు ఆవిరవుతుందో కట్టి చూపాడు. వాన, నది, ఆవిరి అనే మూడు ఖాతాలు అలా పదిహేనేళ్ల లోపే తెరుచుకున్నాయి.

నాలుగో ఖాతా భూమి లోపలిది. దాన్ని తెరిచింది ఆన్రీ డార్సీ, 1856లో, దిజోన్ పట్టణంలో. సేన్ నది పుట్టే చోటు దిజోన్‌కు 30 కిలోమీటర్ల దూరంలోనే ఉండడం నాకెప్పుడూ ముచ్చటగా తోస్తుంది. పట్టణానికి మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు డార్సీ, నీటిని వడగట్టే ఇసుక పొరలను అర్థం చేసుకోవడానికి నిలువు గొట్టంలో ఇసుక నింపి, పైన నీరు పోసి, కిందికి ఎంత వస్తోందో కొలిచాడు. పై నీటిమట్టానికీ కింది నీటిమట్టానికీ తేడా రెట్టింపైతే ప్రవాహం రెట్టింపవుతుంది. ఇసుక పొర పొడవు రెట్టింపైతే ప్రవాహం సగమవుతుంది. ఇంతే. ఇవాళ బోరు ఎంత లోతు నుంచి ఎంత నీరిస్తుందో లెక్కించే ప్రతి కంప్యూటర్ ప్రోగ్రాం గుండెలో ఉన్నది ఆ ఇసుక గొట్టమే.

ఉపరితలం మీద పని వేగంగా సాగింది. 1851లో ఐర్లండ్ ఇంజనీరు మల్వనీ, పరీవాహక ప్రాంతంలోని అతి దూరపు చినుకు వంతెన దగ్గరికి చేరేంత సేపు వాన కురిస్తేనే వరద తారస్థాయికి వస్తుందని చూపాడు. 1932లో అమెరికాలో షెర్మన్, నికరంగా పారే ఒక ప్రమాణపు వానకు ఒక వాగు పొంగి తగ్గే తీరు దాదాపు స్థిరంగా ఉంటుందని, వాన రెట్టింపైతే ఆ ఆకారం ఎత్తు రెట్టింపవుతుందని చెప్పాడు. ఈ పద్ధతిని మేము నేటికీ బోధిస్తున్నాము. మరుసటి ఏడు రాబర్ట్ హార్టన్, నేలకు ఒక ఇంకుడు సామర్థ్యం ఉంటుందనీ, వాన ఉద్ధృతి దాన్ని మించినప్పుడు మిగిలిన నీరే పైన పారుతుందనీ అన్నాడు.

హార్టన్ పాఠం చెప్పేటప్పుడు నేను పుస్తకం మూసేసి పిల్లలను పొలంలోకి తీసుకెళ్తాను. రాయలసీమ ఎర్రనేలలో గట్టి వాన చినుకులు పై మట్టిని దంచి పలుచని పొర కట్టిస్తాయి. ఆ పొర మీద నీరు జారిపోతుంది, రెండంగుళాల కింద మట్టి పొడిగానే ఉంటుంది. నల్లరేగడి దీనికి భిన్నం. ఎండాకాలంలో పడిన నెర్రెలు తొలి వానను గటగటా తాగేస్తాయి. తర్వాత నేల ఉబ్బి నెర్రెలు మూసుకుపోయాక, అదే వానకు అదే పొలం నీటిని వాగులోకి వదిలేస్తుంది. ఒకే పొలానికి జూన్‌లో ఒక సి, సెప్టెంబరులో మరొక సి. ఈ సంగతంతా రైతు 'పదును' అనే ఒక్క మాటలో పెట్టుకున్నాడు. వాన ఎంత పడిందని అడిగితే మిల్లీమీటర్లు చెప్పడు, పదును ఎంత లోతుకు దిగిందో చెబుతాడు. చెరువులో, నదిలో కనిపించే నీటినే లెక్కవేస్తూ వచ్చిన శాస్త్రవేత్తలకు, నేల పట్టి ఉంచుకుని పైరుకిచ్చే నీటిని ఆకుపచ్చ నీరు అని వేరుగా లెక్కించాలని స్వీడన్ శాస్త్రవేత్త మాలిన్ ఫాల్కెన్‌మార్క్ 1990ల్లో నచ్చజెప్పవలసి వచ్చింది. పదును అనే మాట పుట్టిన భాషలో ఆ వాదన అవసరపడేది కాదేమో.

ఇంత శాస్త్రం నిలబడింది రోజూ తెల్లారి లేచి ఒక కొలత తీసే మనుషుల మీద. మా కళాశాల ఆవరణలో పాత సైమన్స్ వానమాపకం ఒకటి ఉంది: 127 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గరాటు, దాని కింద సీసా. ఉదయం 8.30కి మూత తీసి, సీసాలోని నీటిని సన్నని గాజు కొలపాత్రలోకి వంచుతాము. గాజుకు అంటుకున్న చోట నీరు కాస్త పైకి ఎక్కి, మధ్యలో గుంటలా ఉంటుంది. కళ్లను ఆ మట్టానికి దించి, గుంట అడుగు ఏ గీతకు తగులుతోందో చూడాలి. నిలబడి చూస్తే అంకె మారుతుంది. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే అది వర్షపు రోజు. అంతకు తక్కువైతే కాదు. వాన పడని రోజున సున్నా వేయాలి, గడిని ఖాళీగా వదలకూడదు. సున్నాకూ ఖాళీకీ తేడా తెలియని నమోదు పుస్తకం ముప్పై ఏళ్లదైనా పనికిరాదని నా విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను.

అలాంటి నమోదుల విలువ ఎంతో కృష్ణా నది చెబుతుంది. బెజవాడ ఆనకట్ట దగ్గరి ప్రవాహాల ఆధారంగా 1894-95 నుంచి 1971-72 వరకు 78 ఏళ్ల వరుసను బచావత్ ట్రిబ్యునల్ ముందు పెట్టుకుంది. నాలుగేళ్లలో మూడేళ్లు తప్పకుండా వచ్చే నీరు, అంటే 75 శాతం నమ్మకంతో దొరికేది, 2060 టీఎంసీలని తేల్చి, వాడకం తర్వాత నదిలోకి తిరిగి చేరే నీళ్లు 70 కలిపి రాష్ట్రాలకు పంచింది. 2010లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 వరకు 47 ఏళ్ల వరుసను తీసుకుంది. అదే నదికి, అదే 75 శాతానికి ఈసారి 2173 వచ్చింది. 65 శాతానికి 2293, సగటుకు 2578. ఏ రాష్ట్రం వాదన సరైనదన్న జోలికి నేను వెళ్లను. జలశాస్త్రం బోధించే మనిషిగా నాకు కనిపించేది ఒక్కటే: ఏ ఏళ్ల కిటికీ లోంచి చూస్తామన్నదాన్ని బట్టి నది పరిమాణం మారిపోయింది. పైగా ఈ అంకెల్లో కొలిచినది కొంత, ఎగువన వాడుకున్న నీటిని తిరిగి కలిపి కట్టినది కొంత. రెండు రాజ్యాల సరిహద్దు చెరువుకు దోషమని 1369లో రాసినవాడికి ఈ కష్టం తెలుసు.

ఈ లెక్కలన్నిటి కింద ఒక నమ్మకం ఉంది: గడిచిన కాలంలో నది ఎలా ప్రవర్తించిందో రాబోయే కాలంలోనూ అలాగే ప్రవర్తిస్తుంది అని. దాని మీద మొదటి దెబ్బ నైలు నది నుంచి వచ్చింది. కైరో దగ్గర రోడా దీవిలో 861లో కట్టిన నీటిమట్టపు స్తంభం ఇంకా నిలిచే ఉంది. నైలు మట్టాల నమోదులు అంతకంటే ముందు, 622 నుంచి ఉన్నాయి. ఈజిప్టులో దశాబ్దాలు పనిచేసిన హెరాల్డ్ హర్స్ట్ ఆ పొడవాటి వరుసలను పరిశీలించి, మంచి ఏళ్లు మంచి ఏళ్ల పక్కన, చెడ్డ ఏళ్లు చెడ్డ ఏళ్ల పక్కన, బొమ్మాబొరుసు లెక్క ప్రకారం జరగవలసినదానికంటే ఎక్కువగా గుమిగూడతాయని 1951లో చూపాడు. అంటే నలభై ఏళ్ల నమోదు చూసి నది మనకు తెలిసిపోయిందనుకోవడం తొందరపాటు. రెండో దెబ్బ వాతావరణ మార్పుది. 2008లో జలశాస్త్రవేత్త మిల్లీ, అతని సహచరులు 'సైన్స్' పత్రికలో, ఇక ఆ నిలకడ చచ్చిపోయిందని, నీటి ప్రణాళికలకు దాన్ని ఆధారం చేసుకోవడం మానాలని సూటిగా రాశారు.

ఆ మరుసటి ఏడే అక్టోబరులో శ్రీశైలం చూశాము. 19 లక్షల క్యూసెక్కుల గరిష్ఠ వరదను లెక్కగట్టి రూపకల్పన చేసిన జలాశయంలోకి 25 లక్షలకు పైగా వచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందు అదే నది వరుస కరువుల్లో అడుగంటింది. 2021 నవంబరు 19న పోరుమామిళ్ల ఉన్న కడప జిల్లాలోనే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. దాని స్పిల్‌వే సుమారు 2.17 లక్షల క్యూసెక్కులను దాటించగలదు. ఆ రోజు వచ్చినది 3 లక్షలకు పైనేనని అంచనా. ఎగువన పింఛ కట్ట తెగి ఆ నీరు కూడా వచ్చి కలిసింది. దిగువ గ్రామాల్లో ప్రాణాలు పోయాయి. 1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌ను ముంచిన మూసీ వరదలోనూ ఇదే జరిగింది. పరీవాహక ప్రాంతంలోని వందలాది చెరువుల్లో 200కు పైగా ఒకదాని వెంట ఒకటి తెగాయి. పై చెరువుకు గండి పడితే కింది చెరువుకు వచ్చే వరద ఎంత అన్నది రైవ్స్ సూత్రంలో లేదు. గొలుసుకట్టు చెరువుల దేశంలో ఆ లెక్క తప్పనిసరి అని నేను గట్టిగా నమ్ముతాను, సిలబస్‌లో లేకపోయినా చెబుతాను.

భూగర్భజలం సంగతికి వస్తే, మన ప్రత్యేకత రాయి. డార్సీ ఇసుకలో సందులు అంతటా ఉంటాయి. తెలంగాణ, రాయలసీమ గ్రానైట్‌లో నీరుండేది పైన శిథిలమైన పొరలో, దాని కింద పగుళ్లు ఉన్న కొద్ది పదుల మీటర్ల మందంలో. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి మహేశ్వరంలో, చౌటుప్పల్‌లో ఈ రాతిని ఏళ్ల తరబడి పరిశీలించింది. వంద ఘనపు మీటర్ల ఇలాంటి రాతి నుంచి మనకు దొరికే నీరు ఒకటి రెండు ఘనపు మీటర్లు మాత్రమే. దాని అర్థం ఏమిటో కళ్లకు కట్టాలంటే, 100 మిల్లీమీటర్ల వాననీరు నిజంగా ఇంకితే బావిలో మట్టం అయిదు నుంచి పది మీటర్లు లేస్తుంది. ఊరంతా పండుగ చేసుకుంటుంది. కానీ అదే లెక్క తిరగబడి, నాలుగు నెలల మోటార్లతో మట్టం అంతే వేగంగా దిగుతుంది. అప్పుడు ఇంకా లోతుకు బోరు వేయడమంటే పగుళ్లే లేని రాతిలోకి డబ్బు దించడమే. నాకు తెలిసిన కుటుంబాలు అలా మునిగిపోవడం చూశాను; తరగతిలో ఈ అంకె చెప్పేటప్పుడు నా గొంతు మామూలుగా ఉండదు.

భవిష్యత్తు గురించి అడిగితే అందరూ ఉపగ్రహాలు, కృత్రిమ మేధ అంటారు. అవి నిజంగానే అద్భుతాలు. 2002లో ఎగిరిన గ్రేస్ ఉపగ్రహాలు రెండు, ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరుగుతూ, ఆ ఎడంలో వెంట్రుక మందం కంటే తక్కువ మార్పును పట్టి, భూమిలో నీటి బరువు ఎక్కడ తగ్గుతోందో తూచాయి. పంజాబ్, హర్యానా, రాజస్థాన్ ప్రాంతంలో 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భజలం పోయిందని అలాగే తెలిసింది. కానీ ఆ తక్కెడ వందల కిలోమీటర్ల మేరను ఒకే ముద్దగా తూస్తుంది; మా మండలం దానికి కనిపించదు. కృత్రిమ మేధ విషయంలో 2019లో క్రాట్జెర్ట్ బృందం, అమెరికాలోని 531 పరీవాహక ప్రాంతాల మీద పరీక్షించి, ప్రవాహపు నమోదే చూపించని వాగుకు కూడా యంత్రం వేసిన అంచనా, ఆ వాగు నమోదుతో సరిచేసుకున్న పాత నమూనా అంచనా కంటే సగటున మెరుగ్గా ఉందని చూపింది. కొలతలు లేని వాగుల మీద 2003 నుంచి 2012 వరకు అంతర్జాతీయ జలశాస్త్ర సంఘం ఒక దశాబ్దమే కేటాయించింది. ఆ దశాబ్దం కోరుకున్న ఫలితాల్లో ఇది ఒకటి. అయితే ఆ యంత్రం నేర్చుకున్నది ఎక్కడి నుంచి? ఆ 531 చోట్ల ఎవరో దశాబ్దాల పాటు రోజూ కొలిచి రాసి పెట్టిన అంకెల నుంచి. మన చిన్న వాగుల్లో చాలావాటికి ఒక్క ఏడాది నమోదు కూడా లేదు. ఎర్రనేల పొరకట్టడం, రేగడి నెర్రెలు, గొలుసుకట్టు చెరువు తెగడం ఏ యంత్రమైనా మన దగ్గరి నమోదు చూసే నేర్చుకోవాలి.

అందుకే నాకు భవిష్యత్తు ఎక్కువగా కనిపించేది పల్లెల్లో. 2000ల తొలి దశకంలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో వందల ఊళ్ల రైతులు తమ వానను, తమ బావుల మట్టాన్ని తామే కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. జమ ఎంత, వరి పెడితే ఖర్చు ఎంత, వేరుశనగ పెడితే ఎంత. పెరో చేసిన పద్దే అది, రచ్చబండ మీద. ఆ పథకం ముగిసిన చాలా కాలానికి అలాంటి ఒక ఊరికి వెళ్లినప్పుడు, గోడ మీద వెలిసిపోయిన పట్టికను ఒక పెద్దాయన చూపిస్తూ, "ఈ గోడ సదువుకున్నాకనే మా ఊర్లో వరి తగ్గిందమ్మా. ఎవురూ సెప్పి తగ్గించలే" అన్నాడు. ఆ పట్టికలో చివరి కొన్నేళ్ల గడులు ఖాళీగా ఉన్నాయి. సున్నాలు కావు, ఖాళీలు.

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి, ఇంకో ముగ్గురు కలిసి గత సెప్టెంబరులో కళాశాలకు దగ్గరలోని వాగు మీద ఉన్న కల్వర్టు గోడకు సెంటీమీటర్ల గీతలు రంగుతో వేశారు. గట్టున పొలమున్న రైతు రోజూ ఉదయం మట్టాన్ని ఫోన్లో ఫొటో తీసి పంపిస్తానన్నాడు, ఇప్పటిదాకా ఒక్క రోజు తప్పలేదు. వాగు పారిన నాలుగు రోజులు పిల్లలు పది మీటర్ల మేర తాడు పట్టి, ఎండు కొబ్బరికాయలు వదిలి, అవి దాటే సమయాన్ని గడియారంతో చూశారు. పైన తేలే వేగాన్ని 0.85తో గుణిస్తే సగటు వేగం దాదాపుగా వస్తుంది; మారియాట్ పద్ధతికి పెద్ద తేడా ఏమీ లేదు. రిజిస్టరులో తేదీ, వాన, మట్టం, వేగం, ప్రవాహం అని గడులు గీసి, చివర ఒకదానికి సి అని పేరు రాసింది ఆ అమ్మాయి. నాలుగు చిన్న పొంగులతో ఆ గడి నిండదు, ఒక పెద్ద వరద రావాలి, అది వచ్చిన రోజున ఎవరో ఒకరు గట్టు మీద ఉండాలి. ఆమె వచ్చే ఏడు చదువు ముగించుకుని వెళ్లిపోతుంది. మృగశిర కార్తె నుంచి కొలతలు తీసే బాధ్యతను రెండో సంవత్సరం పిల్లలకు అప్పగిస్తూ, మట్టం చూసేటప్పుడు కళ్లను ఎక్కడికి దించాలో కల్వర్టు దగ్గర నేల మీద కూర్చుని చూపించింది.